పెట్రోలు పన్ను: ఊపిరికి మందా? జేబుకు గాయమా?



బీపీ గురించో, షుగరు గురించో చదువుదామని ఈ పేజీ తెరిచిన మీకు పెట్రోలు పన్ను సంగతి కనిపిస్తే వింతగానే ఉంటుంది. కాని ఈ విషయం మా వార్డులలోకి రెండు దారుల్లో వస్తూనే ఉంది.

మొదటి దారి ఇది. "డాక్టరుగారు రమ్మన్న తేదీకి ఎందుకు రాలేదమ్మా?" అని అడిగితే, "మందులకైతే సర్దుకున్నాం గాని, రానుపోను ఛార్జీలు కుదరలేదు సిస్టర్‌గారూ" అనేవారు ఎంతోమంది. రెండవ దారి ఇది. చలికాలం వచ్చేసరికి ఆయాసంతో నెబులైజర్ దగ్గర కూర్చునేవారిలో ఆటో నడిపేవారు, రోడ్డు పక్కన పళ్ళబండి పెట్టుకునేవారు, రోజూ రెండుపూటలా ట్రాఫిక్కులో నిలబడేవారు ఉంటారు. అంటే పెట్రోలు, డీజిలు ధర కొందరిని ఆసుపత్రికి రాకుండా ఆపుతోంది. వాటి పొగ కొందరిని ఆసుపత్రికి తెస్తోంది.

కనుక "ప్రభుత్వాలు పెట్రోలు మీద పన్ను పెంచాలా?" అన్న ప్రశ్న పేపర్లు చదివేవారిది మాత్రమే కాదు, రోగులది కూడా. రెండు వైపులా ఉన్న మాటలను మీ ముందు పెట్టి, చివరికి మా అభిప్రాయం కూడా చెబుతాము.

బంకులో ఇచ్చే డబ్బులో పన్ను ఎంత?

2025లో మన ఆంధ్రప్రదేశ్‌లో లీటరు పెట్రోలు 110 రూపాయలకు కాస్త అటూ ఇటూగా ఉండేది. అందులో రెండు రకాల పన్నులు ఉన్నాయి.

మొదటిది కేంద్ర ప్రభుత్వం వేసే ఎక్సైజు సుంకం. 2025 ఏప్రిల్‌లో 2 రూపాయలు పెంచిన తరువాత అది లీటరు పెట్రోలుకు 21 రూపాయల 90 పైసలు, డీజిలుకు 17 రూపాయల 80 పైసలు అయింది. రెండవది రాష్ట్రం వేసే వ్యాట్. అదే సంవత్సరం మన రాష్ట్రంలో పెట్రోలు మీద 31 శాతం, డీజిలు మీద 22.25 శాతం వ్యాట్ ఉండేది. దానిపైన లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, మరో రూపాయి రోడ్డు సెస్ కూడా ఉండేవి. తెలంగాణలో పెట్రోలుకు 35.20 శాతం, డీజిలుకు 27 శాతం ఉండేది. అన్నీ కలిపి చూస్తే, 2025లో మన రాష్ట్రంలో 100 రూపాయలకు పెట్రోలు కొట్టిస్తే అందులో 45 రూపాయలకు పైగా పన్నే ఉండేది.

2017 జూలైలో జి.ఎస్.టి. వచ్చినప్పుడు పెట్రోలును, డీజిలును అందులో చేర్చలేదు. అందుకే ఒక్కొక్క రాష్ట్రంలో ఒక్కొక్క ధర. కాకినాడ, అమలాపురం వైపు వారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. యానాం పుదుచ్చేరిలో భాగం కనుక అక్కడ బంకులో ధర తక్కువ. ఆ తేడా కోసం ఎన్ని బళ్ళు వంతెన దాటి వెళుతుంటాయో మీకు తెలుసు.

ఈ పన్నులు ఎప్పుడు పెరిగాయో, ఎప్పుడు తగ్గాయో కూడా గమనించాలి. 2020లో కరోనా వచ్చినప్పుడు ప్రపంచమంతటా ముడిచమురు ధర బాగా పడిపోయింది. అదే సంవత్సరం మే నెలలో కేంద్రం సుంకాన్ని పెట్రోలుకు 10 రూపాయలు, డీజిలుకు 13 రూపాయలు పెంచింది. తగ్గిన ధర మన ఊరి బంకు దాకా రాలేదు. తరువాత 2021 నవంబరులో పెట్రోలుకు 5, డీజిలుకు 10 రూపాయలు తగ్గించింది. 2022 మేలో మళ్ళీ 8, 6 రూపాయలు తగ్గించింది. ఇవన్నీ ఖజానా అవసరాన్ని, ధరల మంటను చూసి చేసిన మార్పులు. ప్రజల ఊపిరితిత్తులను చూసి చేసినవి కావు.

పెంచాలి అనేవారి మాట

వారి వాదనలో న్యాయం ఉంది. ఆరోగ్య సేవలో ఉన్న మేము దానిని కొట్టివేయలేము.

బండి పొగలో కంటికి కనిపించనంత సన్నని రేణువులు ఉంటాయి. వాటిని పి.ఎం. 2.5 అంటారు. మన తలవెంట్రుక మందంలో ముప్ఫయ్యవ వంతు కూడా ఉండవు. ముక్కులోని వెంట్రుకలు, గొంతులోని తేమ వాటిని ఆపలేవు. అవి ఊపిరితిత్తుల చివరి అరల దాకా పోతాయి, అక్కడినుండి కొన్ని రక్తంలోకి కూడా చేరుతాయి. దగ్గు, ఉబ్బసం మాత్రమే కాదు, గుండెపోటు, పక్షవాతం ముప్పు కూడా వీటివల్ల పెరుగుతుంది. డీజిలు పొగ క్యాన్సరు కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2012లో ప్రకటించింది.

గాలిలో ఈ రేణువులు ఏడాది సగటున ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మన దేశం 2009లో పెట్టుకున్న హద్దు 40. గాలి నాణ్యత ప్రమాణాలకు తగినట్టు లేదని 2019లో కేంద్రం గుర్తించిన నగరాలలో మన విజయవాడ, గుంటూరు, విశాఖపట్నం, నెల్లూరు, కర్నూలు ఉన్నాయి. బండి పొగ ఒక్కటే దీనికి కారణం కాదు. చెత్త తగలబెట్టడం, కట్టెల పొయ్యి, రోడ్డు దుమ్ము, ఫ్యాక్టరీలు కూడా కారణాలే. కాని బండి పొగ మన ముఖానికి దగ్గరగా, మన పిల్లలు బడి బస్సు కోసం నిలబడే చోటనే వస్తుంది.

ఇక్కడ అన్యాయం ఏమిటంటే, ఏసీ కారు అద్దాలు వేసుకొని వెళ్ళేవారు వదిలే పొగను ఫుట్‌పాత్ మీద కూర్చున్నవారు పీలుస్తారు. ఆ జబ్బుకయ్యే ఖర్చు కారు యజమాని బిల్లులో లేదు, పీల్చినవారి ఆసుపత్రి బిల్లులో ఉంది. "పొగ వదిలేవారే దాని ఖరీదు కట్టాలి, అందుకు పెట్రోలు పన్ను సరైన దారి" అని వారు అంటారు.

పన్ను వేస్తే వాడకం నిజంగా తగ్గుతుందా? తగ్గుతుంది గాని నెమ్మదిగా. ధర 10 శాతం పెరిగితే వాడకం ఏడాదిలో 2, 3 శాతం మాత్రమే తగ్గుతుందని, కొన్నేళ్ళు గడిచేసరికి అంతకు రెట్టింపు తగ్గుతుందని పలు దేశాలలో చూసిన లెక్కలు చెబుతున్నాయి. ఎందుకంటే రేపటికి రేపు ఎవరూ ఇల్లు మారలేరు, బండి మార్చలేరు.

పన్నుతో మేలు జరిగిన సందర్భాలు

ఒకప్పుడు ఇంజను సాఫీగా నడవడానికి పెట్రోలులో సీసం కలిపేవారు. ఆ సీసం పొగతోపాటు గాలిలోకి, పిల్లల రక్తంలోకి చేరి మెదడు ఎదుగుదలను దెబ్బతీసేది. బ్రిటన్‌లో 1987 నుండి సీసం లేని పెట్రోలుకు తక్కువ పన్ను, సీసం ఉన్నదానికి ఎక్కువ పన్ను వేశారు. జనం తమంతట తామే మంచిదాని వైపు మళ్ళారు. మన దేశంలో 2000 ఫిబ్రవరి 1 నుండి సీసం ఉన్న పెట్రోలును చట్టం ద్వారానే ఆపివేశారు. ప్రపంచంలో చివరగా అల్జీరియా 2021లో ఆపింది.

మరో సందర్భం స్వీడన్ దేశపు స్టాక్‌హోమ్ నగరంలోనిది. అది పెట్రోలు పన్ను కాదు, నగరం నడిబొడ్డులోకి వచ్చే బండ్ల మీద వేసిన రుసుము. 2006లో కొన్ని నెలలు ప్రయత్నించి చూసి, 2007 నుండి స్థిరంగా పెట్టారు. బండ్ల రాకపోకలు దాదాపు ఐదో వంతు తగ్గాయి. చిన్నపిల్లలు ఉబ్బసం ఎక్కువై ఆసుపత్రికి రావడం కూడా తగ్గిందని తరువాత పరిశోధకులు గుర్తించారు. అయితే రుసుము మొదలుపెట్టకముందే అక్కడ అదనపు బస్సులు వేశారు. ముందు బస్సు వచ్చింది, ఆ తరువాతే రుసుము వచ్చింది. ఈ వరుసను మీరు గుర్తుపెట్టుకోవాలని మా మనవి.

పెంచవద్దు అనేవారి మాట

"సిగరెట్టు, గుట్కా మీద పన్ను పెంచమని మీరే అంటారు గదా, పెట్రోలుకు ఎందుకు సందేహం?" అని కొందరు మమ్మల్ని అడిగారు. మంచి ప్రశ్న. గుట్కా మానేస్తే మనిషికి నష్టం లేదు, లాభమే. కాని పురుటి నొప్పులు పడుతున్న తల్లి ప్రయాణం మానుకోలేదు. డయాలసిస్ రోగి ప్రయాణం మానుకోలేడు.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఊరు ఆసుపత్రికి 40 కిలోమీటర్ల దూరం. డయాలసిస్‌కు వారానికి మూడుసార్లు రావాలి. తెల్లవారుజామున బస్సు లేదు కనుక డీజిలు ఆటో మాట్లాడుకోవాలి. రానుపోను 80 కిలోమీటర్లు. ఆ రోడ్ల మీద లీటరుకు 20 కిలోమీటర్లు వస్తుందనుకుంటే ఒక్కసారికి 4 లీటర్లు. నెలకు 13 సార్లు వస్తే 52 లీటర్లు. ప్రభుత్వం లీటరుకు 5 రూపాయలు పెంచితే ఆ కుటుంబం మీద నెలకు 260 రూపాయల అదనపు భారం. ఉద్యోగస్తులకు ఇది చిన్న మొత్తం కావచ్చు. ఇంట్లో పనిచేసే మనిషే మంచాన పడిన కుటుంబానికి అది కూలి డబ్బు. అలాంటి ఇంట్లో మొదట జరిగేది మూడుసార్లు రావలసినవారు రెండుసార్లు రావడం. ఆ తప్పిన ఒక్క డయాలసిస్ వల్ల ఒంట్లో నీరు చేరి, పొటాషియం పెరిగి, ప్రాణం మీదికి రావచ్చు. షుగరు పుండుకు కట్టు మార్పించుకోవడం, టి.బి. మందులు తీసుకువెళ్ళడం, గర్భిణి పరీక్షలు కూడా ఇలాగే వెనకబడతాయి.

డీజిలు సంగతి ఇంకొకటి ఉంది. కూరగాయల లారీ, దుక్కి ట్రాక్టరు, వరికోత యంత్రం అన్నీ డీజిలు మీదే నడుస్తాయి. డీజిలు పన్ను పెరిగితే అది బండి లేనివారి కంచంలోకి కూడా వస్తుంది.

ఫ్రాన్సు ప్రభుత్వం 2019 జనవరి నుండి ఇంధనం మీద పన్ను పెంచాలనుకుంది. గాలి మంచిగా ఉండాలనే కారణమే చెప్పింది. కాని 2018 నవంబరులో పసుపు జాకెట్లు వేసుకొని లక్షలమంది రోడ్ల మీదికి వచ్చారు. వారిలో చాలామంది బస్సులు అంతగా లేని పల్లెలు, చిన్న పట్టణాలవారు. పనికైనా, ఆసుపత్రికైనా కారు తప్ప వారికి వేరే దారి లేదు. డిసెంబరులో ప్రభుత్వం ఆ పెంపును మానుకుంది.

వసూలైన డబ్బు ఎక్కడికి వెళుతోంది?

అసలు ప్రశ్న ఇదే అని మాకు అనిపిస్తుంది.

2025లో కేంద్రం తీసుకున్న 21 రూపాయల 90 పైసలలో రాష్ట్రాలతో పంచుకోవలసిన మూల సుంకం 1 రూపాయి 40 పైసలు మాత్రమే. మిగిలినది సెస్, ప్రత్యేక సుంకం పేర్లతో ఉండేది. దానిలో రాష్ట్రాలకు వాటా రాదు. రోడ్డు సెస్ అంటే రోడ్లకు, వ్యవసాయ సెస్ అంటే వ్యవసాయానికి అని పేర్లు ఉన్నాయి. కాని ఆరోగ్యానికి, పల్లె బస్సుకు, అంబులెన్సుకు అని ఈ లీటరులో ఒక్క పైసా పేరు పెట్టి పక్కన పెట్టలేదు.

డబ్బు తిరిగి ప్రజలకు చేరితే సంగతి వేరుగా ఉంటుంది. ఇండోనేషియా 2005 అక్టోబరులో ఇంధనం మీద ఇచ్చే సబ్సిడీని బాగా తగ్గించింది. పెట్రోలు ధర ఒక్కసారిగా రెట్టింపుకు దగ్గరైంది. ఇది పన్ను కాకపోయినా కొనేవారికి దెబ్బ ఒకటే. కాని అదే సమయంలో దాదాపు 1 కోటీ 90 లక్షల పేద కుటుంబాలకు నెలకు లక్ష రూపాయాల చొప్పున, అక్కడి డబ్బులో, మూడు నెలలకోసారి ఇవ్వడం మొదలుపెట్టింది. బడులకు, పేదల వైద్యానికి కూడా నిధులు పెంచింది. లోపాలు లేకపోలేదు. అయినా "మీ దగ్గర తీసుకుంటున్నాం, ఇదిగో మీకు ఇస్తున్నాం" అని చూపించగలిగింది.

మన దగ్గర కూడా అలాంటి మేలుకు ఆనవాళ్ళు ఉన్నాయి. 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సు ఎంతమందిని బ్రతికించిందో మీకు తెలుసు. తెలంగాణలో 2023 డిసెంబరు నుండి, మన రాష్ట్రంలో 2025 ఆగస్టు 15 నుండి ఆడవారికి ఆర్.టి.సి. బస్సులలో ఉచిత ప్రయాణం వచ్చింది. బస్సు వచ్చే ఊళ్ళ తల్లులకు ఇది పరీక్షకు రావడానికి ఎంతో ఆసరా. బస్సే రాని ఊరికి మాత్రం ఉచిత టిక్కెట్టు ఉన్నా లేనట్టే.

మా అభిప్రాయం

నొప్పి మాత్ర మంచిదే. కాని ఏమీ తినకుండా వేసుకుంటే కడుపులో మంట పుడుతుంది. అందుకే "ఏదైనా తిన్నాక వేసుకోండి" అని చీటీ ఇచ్చేటప్పుడే చెబుతాము. పెట్రోలు పన్ను కూడా అలాంటిదే. ముందు బస్సు ఉండాలి, పన్ను తరువాత రావాలి.

అందుచేత పన్ను ఇప్పుడు ఇంకా పెంచడం మాకు సమ్మతం కాదు. ఇప్పటికే కడుతున్న పన్నును మించి అడిగేముందు, వసూలైన దానిలో కొంత భాగాన్ని పల్లెలనుండి ఆసుపత్రులకు సమయానికి వచ్చే బస్సులకు, అంబులెన్సులకు, డయాలసిస్ వంటి నిత్య రోగుల ప్రయాణానికి పేరు పెట్టి కేటాయించాలి. లెక్క ప్రజలకు చూపించాలి.

అలాగని పన్ను మొత్తం ఎత్తివేయమని కూడా మేము అనము. అలా చేస్తే ఎక్కువ లాభం పొందేది ఎక్కువ పెట్రోలు తాగే పెద్ద కార్ల యజమానులే, నష్టపోయేది ఖజానా మీద ఆధారపడే ప్రభుత్వ ఆసుపత్రే. పొగకు ఖరీదు కట్టించాలంటే పెద్ద కార్ల రిజిస్ట్రేషను దగ్గర, నగరాల నడిబొడ్డులో పార్కింగు దగ్గర కట్టించవచ్చు. అక్కడ డయాలసిస్‌కు వచ్చే ఆటో మీద భారం పడదు. మంచి బస్సు ఊరూరికీ వచ్చిన రోజున పన్ను పెంచుతామంటే, ఊపిరితిత్తుల పక్షాన మేమే మొదట ఒప్పుకుంటాము.

మీరు చేయగలిగినవి

పన్ను మన చేతిలో లేదు. ఇవి మన చేతిలో ఉన్నాయి.

1. ఇంట్లో ఇద్దరికి రివ్యూ ఉంటే ఒకే రోజుకు తేదీ ఇమ్మని ఓ.పి. కౌంటరులో అడగండి. రక్తపరీక్ష, ఎక్స్‌రే, డాక్టరుగారి దర్శనం ఒకే ప్రయాణంలో అయ్యేలా చూసుకోండి. అడగడానికి మొహమాటపడవద్దు.

2. ఛార్జీలు లేవని మందు ఆపవద్దు. రాలేకపోతే ఆసుపత్రికి ఫోను చేసి చెప్పండి. డయాలసిస్, టి.బి., గర్భిణి పరీక్షల విషయంలో మరీ ముఖ్యం.

3. ప్రాణాపాయ సమయంలో బండి కోసం వెతుకుతూ కూర్చోవద్దు. 108కి ఫోను చేయండి. అది ఉచితం.

4. వృద్ధులకు, దివ్యాంగులకు ఉన్న బస్సు రాయితీల గురించి డిపోలో అడిగి తెలుసుకోండి. మీ ఊరికి బస్సు లేకపోతే పదిమంది సంతకాలతో డిపో మేనేజరుగారికి అర్జీ పెట్టండి. ఏ రోగి ఏ సమయానికి ఆసుపత్రికి రావాలో అందులో రాయండి.

5. రైల్వే గేటు దగ్గర, బడి ముందు బండి ఆపినప్పుడు ఇంజను కూడా ఆపండి. పెట్రోలూ మిగులుతుంది, పక్కనున్న పిల్లలకు పొగా తప్పుతుంది. బండికి పొగ పరీక్ష చేయించండి.

6. ఉబ్బసం, ఆయాసం ఉన్నవారు రద్దీ సమయంలో రోడ్డు పక్కన నడక మానుకోండి. ఇన్‌హేలర్ ఎప్పుడూ దగ్గర ఉంచుకోండి.

ముఖ్యమైన హెచ్చరిక: ధర పెరుగుతుందని వినగానే కొందరు పెట్రోలును సీసాలలో, క్యాన్లలో నింపి ఇంట్లో దాచుకుంటారు. దయచేసి ఆ పని చేయవద్దు. పెట్రోలు ఆవిరికి పొయ్యి మంట, దీపం, ఒక్క నిప్పురవ్వ చాలు. పిల్లలు మంచినీళ్ళనుకొని తాగే ప్రమాదం కూడా ఉంది. గొట్టం పెట్టి నోటితో పెట్రోలు లాగడం కూడా ప్రమాదమే. పొరపాటున మింగితే వాంతి చేయించవద్దు. వాంతిలో అది ఊపిరితిత్తులలోకి పోయి న్యుమోనియా తెస్తుంది. తడిసిన బట్టలు తీసి, ఒళ్ళు సబ్బుతో కడిగి, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. ఒళ్ళు కాలితే 20 నిమిషాలు చల్లని నీళ్ళ ధార కింద ఉంచండి. టూత్‌పేస్టు, సిరా, పసుపు రాయవద్దు.

ఈ విషయం మీద మీ ఇంట్లో, మీ సంఘంలో మాట్లాడుకోండి. మీ ఊరినుండి ఆసుపత్రికి రావడానికి ఎంత ఖర్చవుతోందో, ఏ సమయానికి బస్సు లేక ఇబ్బంది పడుతున్నారో ఒక కాగితం మీద రాసి, ఈసారి వచ్చినప్పుడు నర్సింగు ఆఫీసులో ఇవ్వండి. ఊరివారీగా వాటిని కూర్చి, రివ్యూ తేదీలు ఇచ్చేటప్పుడు బస్సు సమయాలకు సరిపడేలా చూస్తాము.